పుల్లీ వెనక రబ్బరు పెదవి

పాత అంబాసిడర్ బానెట్ ఎత్తి కిందికి తొంగిచూస్తే, ఫ్యాను బెల్టు తిరిగే క్రాంక్ పుల్లీ చుట్టూ నల్లటి జిడ్డు అట్టగట్టి కనిపిస్తుంది. ముసలి బండి, నూనె కారకుండా ఉంటుందా అని చాలామంది సరిపెట్టుకుంటారు. నిజానికి ఆ నూనెను ఆపడానికి ఈ ఇంజను చేసినవాళ్లు పడ్డ శ్రద్ధ తక్కువేమీ కాదు.

బీఎంసీ బి-సిరీస్, 1489 సీసీ. బ్రిటన్‌లో ఎంజీఏ స్పోర్ట్స్ కారు పరుగెత్తిందీ ఈ కుటుంబం ఇంజనుతోనే. మన దగ్గర ఉత్తరపారా ఫ్యాక్టరీలో అంబాసిడర్‌కు ఎక్కి దశాబ్దాల పాటు నడిచింది. దీని ముందు భాగంలో కింద క్రాంక్ షాఫ్టు పళ్లచక్రం, పైన దానికి రెట్టింపు పళ్లున్న క్యామ్ షాఫ్టు చక్రం ఉంటాయి. రెంటినీ కలుపుతూ చైను. క్రాంకు రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక చుట్టు తిరుగుతుంది. ఇదంతా నూనెలో తడుస్తూ ఉండాలి. పైన మూత రేకుతో అచ్చొత్తిన టైమింగ్ కవరు. ఆ కవరు కింది భాగంలో ఒక గుండ్రటి కన్నం, అందులోంచి పుల్లీ మెడ లోపలికి వెళ్తుంది. కవరు కదలదు, మెడ నిమిషానికి వేల చుట్లు తిరుగుతుంది. ఆ రెంటి నడుమ సందులోంచి నూనె బయటికి రాకూడదు. చిక్కంతా అక్కడే.

ఆ సందును మూసేది సీలు అనే రబ్బరు వలయం. కానీ మొదటి కాపలా సీలు కాదు, దాని వెనకుండే పల్చటి బిళ్ల. ఆయిల్ త్రోయర్ అంటారు. చైను మీంచి జారిన నూనె దాని మీద పడగానే తిరిగే వేగానికి అంచుల వైపు చిమ్మి, కవరు గోడ మీదుగా ఇంజను అడుగున ఉండే నూనె తొట్టిలోకి (సంపులోకి) దిగిపోతుంది. సీలు దాకా వచ్చేది మిగిలిన కాస్త తడి మాత్రమే. బిళ్ల మీద 'ఎఫ్' అక్షరం ఉంటే ఆ ముఖం రేడియేటర్ వైపు ఉండాలి. తొలినాటి కవర్లలో రబ్బరుకు బదులు ఫెల్టు వలయం ఉండేది. వాటి త్రోయర్ ఆకారమే వేరు. కవరు మార్చి త్రోయర్ పాతదే ఉంచితే పడ్డ శ్రమ నూనెపాలే.

విప్పడం ఓపిక పని. రేడియేటర్ దించాలి, బెల్టు తీయాలి. క్రాంకు హ్యాండిల్ తగులుకునే పంటి నట్టును పట్టి ఉంచిన లాక్ వాషర్ మడత విప్పాకే పానా పెట్టాలి. పుల్లీని పుల్లర్‌తో లాగాలి. స్క్రూడ్రైవరుతో ఎగదోస్తే అంచు వంగి, బెల్టు ఊగుతుంది. కవరు బోల్టులు రెండు కొలతలు, పావు అంగుళం, 5/16 అంగుళం. దేని చోటు దానికి గుర్తుపెట్టుకోవాలి.

పాత సీలు కొట్టేటప్పుడు రేకు వంగకుండా కవరు కింద చెక్కదిమ్మె ఉంచాలి. కొత్తది ఏ పక్కా వాలకుండా సమంగా దిగాలి, స్ప్రింగు కనిపించే వైపు ఇంజను లోపలికి ఉండాలి. సన్నటి ఆ చుట్ట స్ప్రింగే రబ్బరు పెదవిని మెడకు ఆనించి పడుతుంది. పెదవికీ ఇనుముకీ మధ్య కంటికి కనిపించనంత నూనె పొర నిలుస్తుంది. అది కూడా లేకపోతే రబ్బరు మాడిపోతుంది. అందుకే కొత్త సీలును పొడిగా ఎక్కించరు.

పుల్లీ మెడను గోటితో తడిమి చూడాలి. రబ్బరులో ఇరుక్కున్న దుమ్ము ఏళ్ల తరబడి ఒరుసుకుని ఉక్కులో గాడి చేస్తుంది. మెత్తటిది గట్టిదాన్ని అరగదీయడం వింతే గాని, అరగదీసేది నిజానికి దుమ్ము. గాడి లోతుగా ఉంటే ఎంత మంచి సీలైనా కారుతుంది. మెడకు పల్చటి స్టీలు తొడుగు ఎక్కించాలి, లేదా పుల్లీ మార్చాలి.

నాకు అన్నిటికన్నా నచ్చేది కవరు బిగించే పద్ధతి. బోల్టు కన్నాల్లో కాస్త సందు ఉంటుంది, కాబట్టి కవరు అటూ ఇటూ జరుగుతుంది. కన్నం ఒక పక్కకు జరిగితే పెదవి ఒకవైపు నలిగి, మరోవైపు వదులవుతుంది. దీనికి కొలత పరికరాలేవీ అక్కర్లేదు. ప్యాకింగు వేసి, బోల్టులన్నీ వేళ్లతో మాత్రమే తిప్పి వదలాలి. సీలు గాడి నిండా గ్రీజు పెట్టి, పుల్లీని మెల్లగా తిప్పుతూ షాఫ్టు కీ మీదకు తోయాలి. మెడ లోపలికి వెళ్తూ కవరును తానే నడిమికి లాక్కుంటుంది, పెళ్లిపీటల మీద సర్దుకు కూర్చున్నట్టు. ఆ తర్వాతే బోల్టులు ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించాలి. తన చోటేదో కవరుకు షాఫ్టే చెబుతుంది.

ఇంత చేశాక కూడా ముందువైపు తడి కనిపిస్తే, ఇంజను లోపలి గాలిని బయటికి వదిలే బ్రీదర్ గొట్టం చూడాలి. అది మూసుకుపోతే లోపలి గాలి ఒత్తిడి నూనెను కొత్త సీలు దాటించి నెడుతుంది.

ఇక వెనక చివర సంగతి. మూడు బేరింగుల బి-సిరీస్‌లో క్రాంక్ షాఫ్టు వెనక రబ్బరు సీలే ఉండదు. షాఫ్టు మీద మరలాగా చెక్కిన గాడి ఉంటుంది. తిరుగుతున్నంతసేపూ అది నూనెను లోపలికే తోడేస్తుంది. దేన్నీ తాకదు గనక అరగదు, ఇంజను ఆగితే మాత్రం తోడేవాడుండడు. 1964లో ఎంజీబీ స్పోర్ట్స్ కారుకు ఐదు బేరింగుల బి-సిరీస్ ఇంజను వచ్చినప్పుడు అక్కడా పెదవి సీలు పెట్టారు.