మైకు మీది బొచ్చు

హెబ్బాళ దాటి, చిక్కబళ్ళాపురం, బాగేపల్లి మీదుగా లేపాక్షికి వీడియో తీయడానికి వెళ్ళే బెంగళూరు తెలుగువాళ్ళ సంచిలో నాకు ముచ్చటేసే వస్తువు కెమెరా కాదు, మైకుకి వేసే బొచ్చు తొడుగు. లేపాక్షిలోని ఏకశిలా నంది దగ్గర అంతా ఆరుబయలే. గాలి నేరుగా మైకు పొరకు తగిలితే మాట పోయి హోరు మిగులుతుంది. ఆ బొచ్చు గాలి వేగాన్ని వెంట్రుకల్లోనే విరిచేసి, మాటను మాత్రం లోపలికి పోనిస్తుంది. అయినా గాలికి వీపు పెట్టి నిలబడి, మైకును నోటికి జానెడు దూరంలో పట్టుకోవడం చేతికి అలవడాలి; ఎంత ఖరీదైన కెమెరా కొన్నా అది దాంతో రాదు. అది అలవడితే, అక్కడి వీరభద్రాలయం కప్పు మీది విజయనగర కాలపు బొమ్మల్ని మనవడు మెడ పట్టేసేలా తీస్తుంటే, "యాడ జూస్తాండావురా, ఆ పందిని జూడు, అర్జునుడు కొట్టిందే!" అని అవ్వ హిందూపురం యాసలో అన్న ప్రతి అక్షరమూ నిక్షేపంగా పడుతుంది.