చౌక కాలంలో నహానీ

కెనడా వాయవ్య భాగంలో, యూకాన్‌కూ నార్త్‌వెస్ట్ టెరిటరీస్‌కూ మధ్య సరిహద్దు గోడలా సాగే మెకంజీ పర్వతాల్లో మూడు వేల మీటర్లు దాటిన శిఖరం ఒక్కటీ లేదు. ఎత్తును బట్టి కొండకు మర్యాద చేసేవాళ్లు వీటి ఊసెత్తరు. మెకంజీ అనగానే అదే పేరున్న పెద్ద నది గుర్తొస్తుంది, కొండలు గుర్తుకు రావు. నా మటుకు నాకు, రాయీ నీరూ కలిసి భూమ్మీద చేసిన పనుల్లో ఇంత రసవత్తరమైనది మరొకటి కనపడదు. ఆ రసమంతా కొండల్ని కోసుకుంటూ పోయిన సౌత్ నహానీ అనే నది నడకలో ఉంది.

ముందు పటం చూడాలి. ఎత్తు గీతలున్న సర్వే పటం కావాలి. రోడ్ల పటం పనికిరాదు, ఆ నది పొడవునా రోడ్డు లేదు. రాగెడ్ రేంజ్ అనే గ్రానైట్ కొండల పక్కనుంచి ఆగ్నేయంగా దిగుతూ, 500 కిలోమీటర్లకు పైగా నడిచి నహానీ లియార్డ్ నదిలో కలుస్తుంది. చివరి సగంలో దాని దారికి అడ్డంగా మూడు కొండ వరసలు ఉన్నాయి: ఫ్యూనరల్ రేంజ్, హెడ్‌లెస్ రేంజ్, ఆ తర్వాత నహానీ పీఠభూమి. ఈ మూడు చోట్లా పటం మీది ఎత్తు గీతలు ఒకదాన్నొకటి రాసుకుని, విడివిడిగా చదవడానికి వీల్లేని ముదురు పట్టీలైపోతాయి. అంత నిటారు గోడలన్నమాట. ఆ పట్టీల నడుమ సన్నటి నీలి గీత ఏం చేస్తోందో చూడండి. కొండ అడ్డొస్తే నది సాధారణంగా చుట్టు తిరిగి పోతుంది, లేదా రాయి బలహీనంగా ఉన్న చోటు వెతుక్కుని తిన్నగా తెగ్గొట్టుకుని పోతుంది. ఈ నీలి గీత రెండూ చేయదు. వందల మీటర్ల రాతి గోడల మధ్య ఎడమకు తీరుబడిగా ఒక వంపు తిరుగుతుంది, కుడికి ఇంకో వంపు, మళ్లీ ఏదో మరిచిపోయి వెనక్కి వచ్చినట్టు ఒక మెలిక. పల్లపు నేల మీద, వరి చేల మధ్య తిరగాల్సిన తిరుగుడు అది. దాన్ని కొండ గర్భంలో తిరుగుతోంది.

కొండలకంటే ముందే నది అక్కడ ఉండడమే దీనికి కారణం. ఒకప్పుడది చదునైన నేల. పాత సముద్రాల అడుగున పేరుకున్న సున్నపురాయి, డోలమైట్, షేల్ పొరల మీదుగా నహానీ మెలికలు తిరుగుతూ పారేది. తర్వాత నేల కింద నుంచి ఒత్తిడి వచ్చి పొరలు ముడతలు పడి పైకి లేవడం మొదలైంది. లేచింది చాలా నెమ్మదిగా, కోట్ల ఏళ్ల లెక్కన. నది తన దారి మార్చుకోలేదు. నేల ఎంత లేస్తే అంత కిందికి కోసింది. నది ఉన్న మట్టంలోనే ఉండిపోయింది, చుట్టూ కొండలు లేచాయి. బల్లపరుపు నేల మీద నేర్చిన వంపులన్నీ అలాగే రాతిలోకి దిగిపోయాయి.

మన సంగీతంలో చౌక కాలం అనే మాట ఉంది. క్షేత్రయ్య పదాన్ని విలంబంగా, ఒక్కో స్వరం మీదా నిలబడి పాడడం. ద్రుతంలో ఎవరైనా మెరిపించగలరు, తప్పులు వేగంలో కొట్టుకుపోతాయి. చౌక కాలంలో దాక్కోవడానికి చోటుండదు, ప్రతి గమకం బయటపడుతుంది. కొండల్లో పుట్టిన నదులు దాదాపు అన్నీ ద్రుతమే పాడతాయి. నహానీ మాత్రం అంత రాతిని ఎదురుగా పెట్టుకుని కాలం పెంచలేదు. ఇక్కడి అద్భుత రసానికి ఆలంబనం కొండ ఎత్తు కాదు, ఆ తొణకని నడక. పర్వత దృశ్యాల్లో మామూలుగా కొండ ప్రధాన గాయకుడు, నది పక్కవాద్యం. ఇక్కడ పీటలు తారుమారయ్యాయి.

అలాగని పైభాగాన్ని తీసిపారేయలేం. రాగెడ్ రేంజ్ గ్రానైట్ వేరే ఘరానాది. సున్నపురాయి పొరల్లోకి లోపలి నుంచి కరిగిన రాయి చొచ్చుకొచ్చి, గడ్డకట్టి, పైపొరలు కొట్టుకుపోయాక బయటపడింది. హిమానీనదాలు దాన్ని నాలుగు వైపులా చెక్కి గోడలుగా నిలబెట్టాయి. అక్కడొక గిన్నెలాంటి లోయకు 1955లో ఆర్నాల్డ్ వెక్స్‌లర్ అనే పర్వతారోహకుడు ‘సర్క్ ఆఫ్ ది అన్‌క్లైంబబుల్స్’ అని పేరు పెట్టాడు. ఎక్కలేని శిఖరాల కొలువు అని. పేరు పెట్టిన పదమూడేళ్లకే, 1968లో, ముగ్గురు అమెరికన్లు అందులోని లోటస్ ఫ్లవర్ టవర్‌ను నిలువు ముఖం మీదుగా ఎక్కేశారు. దాని పైభాగంలో బుడిపెలు బుడిపెలుగా రాయి పొడుచుకొచ్చి ఉంటుందనీ, చేతికీ కాలికీ ఆసరా దొరుకుతుందనీ ఎక్కినవాళ్లు చెబుతారు. తామర పూయని చోట తామరపువ్వు గోపురం ఏమిటో! ఆ గోపురాల పాదాల దగ్గర పచ్చగడ్డి మైదానం, అందులో ఇళ్లంత బండలు. ఫొటోకు ఇంతకన్నా అనువైన చోటు మెకంజీల్లో లేదు. అదే నా ఫిర్యాదు కూడా. ఆ గోపురాలు మొదటి చూపులోనే మొత్తం ఇచ్చేస్తాయి, రెండోసారి చూడడానికి ఏమీ మిగల్చవు. అర్థాలంకారాలన్నీ మొదటి పాదంలోనే ఖర్చుపెట్టేసిన పద్యాలు మనకూ తెలుసు.

అక్కడికి దగ్గరలోనే దానికి పూర్తి వ్యతిరేకమైన పని ఒకటి జరుగుతోంది. రాబిట్‌కెటిల్ అనే ఉపనది పక్కన వేడినీటి ఊట ఉంది. వేడి అంటే మరగడం కాదు, 20 డిగ్రీల చుట్టుపక్కల. శీతాకాలంలో మైనస్ 40కి దిగే చోట అదే గొప్ప. ఆ నీరు భూమి లోపల సున్నాన్ని కరిగించుకుని పైకొస్తుంది. గాలి తగలగానే అందులోని కార్బన్ డయాక్సైడ్ తప్పుకుంటుంది, సున్నం మిగిలిపోయి గట్టిపడుతుంది. అలా పొర మీద పొరగా దాదాపు 10 వేల ఏళ్లపాటు పేరుకుని 27 మీటర్ల గుట్ట అయింది. వంగి చూస్తే అందం తెలుస్తుంది. గుట్ట ఒంటినిండా అరచేతిలో పట్టేటంత చిన్న చిన్న మళ్లు, ఒక్కో మడికీ వేలి గోరంత మందాన గట్టు. ఒక మడి నిండి గట్టు మీంచి నీరు పొంగినప్పుడు ఆ గట్టు మీదే ఇంకాస్త సున్నం పడుతుంది. ఎక్కడ గట్టు తగ్గితే అక్కడే ఎక్కువ నీరు పారుతుంది, ఎక్కడ ఎక్కువ పారితే అక్కడే ఎక్కువ కడుతుంది. అందుకే ప్రతి గట్టూ రసమట్టం పెట్టి కట్టినట్టు ఉంటుంది. మేస్త్రీ లేడు. ఈ గుట్ట ఎక్కేవాళ్లు బూట్లు విప్పాలి, పార్కు సిబ్బందిలో ఒకరు వెంట రావాలి. గట్లు అంత పెళుసు. మనం గుడి మెట్ల దగ్గర భక్తితో చేసే పనిని అక్కడ రాయి పెళుసుదనం చేయిస్తుంది.

ఇక జలపాతం. ఆ నేల ఆదివాసులైన డెనే ప్రజల మాటలో నాయిలీచో, పటాల్లో వర్జీనియా ఫాల్స్. 96 మీటర్లు, నయాగరాకు దాదాపు రెండింతలు. దాని గురించి రాసినవాళ్లందరూ ఈ లెక్క దగ్గర ఆగిపోతారు. కొంచెం పైకి వెళ్లాలి. పైన నది వెడల్పుగా, నిమ్మళంగా ఉంటుంది. చివరి మలుపులో ఒక్కసారిగా రాతి కాలవలో ఇరుక్కుని నురగలవుతుంది. ఆ తర్వాతే పడుతుంది. పడేచోట సరిగ్గా నడిమధ్య ఒక రాతి స్తంభం నిలబడి నీటిని రెండు పాయలుగా చీలుస్తుంది. ఒక పాయ నిలువునా దూకుతుంది, ఇంకోటి రాళ్ల మీద తన్నుకుంటూ దిగుతుంది. ఒకే నది పక్కపక్కనే రెండు నడకలు పాడి వినిపిస్తుంది. స్తంభాన్ని కెనడాలో పడవ ప్రయాణాల మీద చక్కటి సినిమాలు తీసిన బిల్ మేసన్ పేరుతో పిలుస్తారు. తుంపర పడే మేర నాచు, ఆర్కిడ్లు. జలపాతం కూడా ఒకచోట నిలవలేదు. సున్నపురాయిని తొలుచుకుంటూ ఎగువకు జరుగుతూ వచ్చింది. అది వదిలి వచ్చిన దారే దిగువన ఉన్న నాలుగో గండి.

గండ్లకు అంకెలు పెట్టినవాళ్లు దిగువ నుంచి నదికి ఎదురెక్కి వచ్చారు. అందుకని లియార్డ్ వైపున్నది ఒకటో గండి. ఇప్పుడు వెళ్లేవాళ్లు చిన్న విమానంలో జలపాతం పైన నీటి మీద దిగి, పడవను భుజాన మోసుకుని కిందికి నడిచి, అక్కణ్ణుంచి ప్రవాహంతో పోతారు. నాలుగు, మూడు, రెండు, ఒకటి. పుస్తకాన్ని చివరి అధ్యాయం నుంచి తిప్పడమే గానీ, కథ బిగువు ఈ వరసలోనే పెరుగుతుంది.

మధ్యలో పేర్ల గొడవొకటి. మెక్లియోడ్ సోదరులిద్దరు బంగారం కోసం వెళ్లారు, 1908లో వాళ్ల అస్థిపంజరాలు తలలు లేకుండా దొరికాయి. ఇంకేం, లోయ డెడ్‌మెన్ వ్యాలీ అయింది, కొండ హెడ్‌లెస్ రేంజ్ అయింది, ఇంకో కొండకు శవయాత్ర పేరు వచ్చింది, సుడిగుండానికి నరక ద్వారం అని పేరు. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ ఉద్యోగం వదిలేసి 1927లో ఈ నదికి వచ్చిన ఆర్.ఎం. ప్యాటర్సన్ రాసిన పుస్తకం పేరు కూడా ‘ది డేంజరస్ రివర్’. పుస్తకం మంచిదే. కానీ ఈ పేర్లన్నీ భయానకాన్ని పైనుంచి పూసిన రంగు. ఇంత నెమ్మదైన రచనకు ఆ రంగు నప్పదు. డెనేలకు ఇది వేట భూమి, రాకపోకల దారి. శీతాకాలమంతా కొండల్లో వేటాడి, మంచు కరిగాక మూస్ చర్మాలు కలిపి కుట్టి, స్ప్రూస్ కర్రల చట్రానికి బిగించి పెద్ద పడవ కట్టేవాళ్లు. పిల్లా పీచూ, కుక్కలు, ఎండు మాంసం అన్నీ అందులోనే. నది వాళ్లను కిందికి దింపేది. వర్తక కేంద్రం చేరాక పడవ విప్పేసి చర్మాలు మళ్లీ వాడుకునేవాళ్లు. తిరుగు ప్రయాణం కాలి నడకనే. నది ఏ పని చేయగలదో, ఏది చేయలేదో తెలిసినవాళ్ల ఏర్పాటిది.

మూడో గండిలో నది వెనక్కి మళ్లినంత పనిచేసే మలుపు ఒకటి ఉంది. ‘గేట్’ అంటారు. మలుపు తిరిగేదాకా ముందు దారి ఉందో లేదో తెలియదు, నాలుగు వైపులా గోడే. పల్‌పిట్ రాక్ అనే స్తంభం కాపలా కాస్తుంటుంది. పడవలో ఉన్నవాళ్లకు అది ఉత్కంఠ. పటం మీద చూసేవాళ్లకు మాత్రం అది పాత మైదానం మీద గీసుకున్న ఓ సోమరి వంపు, అంతే. ఒకే గీతలో ఈ రెండూ ఉండడమే నన్ను పటం దగ్గరికి మళ్లీ మళ్లీ లాగుతుంది.

అన్నిటికన్నా లోతైనది ఒకటో గండి. గోడలు వెయ్యి మీటర్లు దాటుతాయి. ఇక్కడ ఇంకో అదృష్టం కలిసొచ్చింది. ఉత్తర అమెరికాను మంచు పలకలు కప్పినప్పుడు తూర్పు నుంచి ఒకటి, పడమర నుంచి ఒకటి ఈ కొండలవైపు వచ్చాయి. ఒకటో గండి చుట్టుపక్కల నేల ఆ రెంటి మధ్యా కనీసం 3 లక్షల ఏళ్లుగా మంచు కింద పడకుండా మిగిలింది. హిమానీనదం దూరి ఉంటే లోయను తొట్టిలా వెడల్పు చేసి, నది చెక్కిన ప్రతి మెలికనూ గీకేసేది. పైభాగంలో గ్రానైట్ గోపురాలను నిలబెట్టిన మంచే ఇక్కడికి వస్తే ఈ రచనను చెరిపేసేది. రాలేదు కాబట్టి వంపులు వంపులుగానే ఉన్నాయి. గట్ల మీది పీఠభూమి కూడా వాన నీటికి కరిగి వీధుల్లాంటి సందులూ, గుంతలూ, గుహలూ అయింది. మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన డెరెక్ ఫోర్డ్ 1970ల నుంచి ఈ నేలను చదివి, ఇంత ఉత్తరాన ఇంత పండిన సున్నపురాతి నేల ఎంత అరుదో లోకానికి చెప్పాడు. గండి గోడలో వాలెరీ అనే గుహ ఉంది. లోపల మంచు పేరుకున్న జారుడు వాలు. దాని అడుగున పదుల కొద్దీ డాల్ గొర్రెల ఎముకలు దొరికాయి, వేల ఏళ్లనాటివి. చలికి తలదాచుకోవడానికి వచ్చి, జారి, మళ్లీ పైకి ఎక్కలేకపోయినవి. భయానకం కావాలంటే తలల్లేని అన్నదమ్ముల కథ అక్కర్లేదు, ఈ వాలు చాలు.

వెలుగు మాట చెప్పాలి. ఇది ఆర్కిటిక్ వృత్తానికి దక్షిణం. జూన్ చివర అర్ధరాత్రి సూర్యుడు కనపడడు. కానీ పగలు 19 గంటలకు పైగా, మిగిలినదంతా సంధ్య. సూర్యుడు నెత్తికెక్కకుండా ఏటవాలుగా గంటల తరబడి తిరుగుతుంటాడు. పక్క నుంచి పడే ఆ వెలుగులో రాతి పొర ప్రతిదీ తన నీడ తాను వేసుకుంటుంది. నది వంపు తిరిగిన ప్రతిచోటా గోడ దిక్కు మారుతుంది కాబట్టి, ఒక వంపులో రాయి పసుపు, తర్వాతి వంపులో బూడిద, ఆ తర్వాత మళ్లీ పసుపు. తిన్నని గండి అయితే ఒకే రంగు చూసి బయటపడేవాళ్లం.

జలపాతం మీద జలవిద్యుత్ ఆలోచన ఒకప్పుడు ఉండేది. 1970లో ప్రధాని పియర్ ట్రూడో స్వయంగా పడవలో ఈ నది మీద తిరిగాడు, ఆ దశకంలోనే ఇది జాతీయ ఉద్యానమైంది. 1978లో యునెస్కో తొలి విడత ప్రపంచ వారసత్వ స్థలాల్లో చేరింది. 2009లో ఉద్యానాన్ని 30 వేల చదరపు కిలోమీటర్లకు పెంచారు.

ఒకటో గండి దాటాక వేడినీటి ఊట ఒకటి. నహానీ ఊటల దగ్గర తప్ప లోకంలో ఇంకెక్కడా పెరగని చామంతి కుటుంబానికి చెందిన ఒక మొక్క ఉంది. ఆ తర్వాత నేల చదునవుతుంది, ఇంత దూరం రాతిలో వంపులు తిరిగిన నదికి ఎట్టకేలకు తిరగడానికి తగిన మైదానం దొరుకుతుంది. తీరా చూస్తే అక్కడ తిరగదు. మోసుకొచ్చిన గులకరాళ్లన్నీ దించేసి, ఇసుక దిబ్బల మధ్య పాయలు పాయలుగా చీలిపోయి, ఏది అసలు దారో పడవవాడికి కూడా తెలియకుండా చేస్తుంది. ఆ భాగాన్ని ‘స్ప్లిట్స్’ అంటారు. మొహమాటం లేకుండా చెప్పాలంటే అది పేలవం. ప్రయాణికులు దాన్ని వీలైనంత త్వరగా దాటేసి, లియార్డ్ కలిసే చోట నహానీ బ్యూట్ ఊరికి చేరుకుంటారు. నేను పటంలో ఆ కాగితం తిప్పనే తిప్పను.