తంతి చట్టముతో హైటెన్షన్ లైను

విద్యుచ్ఛక్తిని దూరప్రదేశములకు పంపునప్పుడు వోల్టేజిని ఎందుకు పెంచుదురో భౌతికశాస్త్ర విద్యార్థులకు తెలిసినదే. అంతే శక్తిని రెట్టింపు వోల్టేజితో పంపినచో కరెంటు సగమగును. తీగెలో వేడిగా పోవు నష్టము నాల్గవవంతునకు తగ్గును. కనుక 400 కిలోవోల్టుల లైనులు అవసరమనుటలో వివాదము లేదు. వివాదమంతయు వాటికి అనుమతినిచ్చు పద్ధతిని గూర్చియే.

2003 నాటి విద్యుత్ చట్టము 68వ సెక్షను ప్రకారము ఇట్టి లైనునకు ప్రభుత్వము ముందుగా అనుమతి ఈయవలెను: రాష్ట్రములోపలిదైనచో రాష్ట్రము, రాష్ట్రములను దాటునదైనచో కేంద్రము. ఖర్చుభారము వినియోగదారునిపై ఎంత పడునన్నది నియంత్రణ మండలి చూచును. ఇంతవరకు బాగుగనే ఉన్నది. చిక్కు 164వ సెక్షనుతో వచ్చినది. దాని ద్వారా లైను వేయు సంస్థకు 1885 నాటి టెలిగ్రాఫు చట్టపు అధికారములను ప్రభుత్వము ఒసగవచ్చును. అవి చేతికి వచ్చిన పిమ్మట భూమి యజమాని అంగీకారముతో పని లేదు. అతడు అడ్డగించినచో జిల్లా మేజిస్ట్రేటు ఉత్తర్వు. పరిహారము చాలదన్నచో జిల్లా న్యాయస్థానము. భూమిని కొనరు, వాడుకొను హక్కును మాత్రమే పొందుదురు. పట్టా రైతు పేరనే ఉండును.

తంతి స్తంభమునకు ఈ ఏర్పాటు చాలును. ఒక్క గుంజ, సన్నని తీగె. అడ్డువచ్చిన కొమ్మ నరికిన తీరిపోవును. 400 కిలోవోల్టుల లైను అట్టిది కాదు. ఎండకు తీగె సాగి వ్రేలాడును, గాలికి ఊగును. తీగెకు పూత ఉండదు. చుట్టునున్న గాలియే దానిని ఇతర వస్తువులనుండి వేరుచేయవలెను గనుక ఎడము విడువక తప్పదు. అందుచే సుమారు 46 మీటర్ల వెడల్పు కావలెను. కిలోమీటరు పొడవునకు 11 ఎకరములు పైమాటే. అందులో వరి, మినుము పండును. కొబ్బరితోట పెరుగనీయరు, ఇల్లు కట్టనీయరు.

1885 చట్టము చెప్పినది ‘నష్టము’నకు పరిహారము. త్రొక్కిన పైరు నష్టమే, నరికిన చెట్టు నష్టమే. తగ్గిన భూమి ధర మాటేమి? దానిని కూడ లెక్కింపవలెనని కేంద్ర విద్యుత్ శాఖ 2015లో సూచించెను: టవరు నిలిచిన చోటికి భూమి విలువలో 85 శాతము, తీగెల క్రింది పట్టీకి గరిష్ఠముగా 15. 2024లో ఇవి 200, 30 శాతములైనవి. ఇది చిన్న మార్పు కాదు. కాని ఇవి చట్టములోని మాటలు కావు, మార్గదర్శక సూత్రములు. రాష్ట్రము స్వీకరించిననే రైతుకు దక్కును. విలువను రిజిస్ట్రేషను లెక్కపై కట్టినచో 200 శాతమన్నది కాగితముపైననే ఘనము.

తంతివార్తలు 2013లోనే ఆగిపోయెను. 1885 చట్టమును తొలగించుటకై వచ్చిన 2023 నాటి టెలికమ్యూనికేషన్ల చట్టము, 164వ సెక్షను క్రింది విద్యుత్ లైనులకు మాత్రము అందలి మూడవ భాగము వర్తించుచునే ఉండునని చెప్పినది. హైటెన్షన్ లైనునకు తగిన భూమి నియమములను విద్యుత్ చట్టములోనే వ్రాయుటకు అది మంచి అదను. శాసనకర్తలు దానిని జారవిడిచిరి.