దొరికిన చోటే సగం చరిత్ర

ఇంగ్లండ్‌లో పంట కోసి దున్నిన పొలాల్లో ఒక చేత మెటల్ డిటెక్టర్, మరో చేత చిన్న పార పట్టుకుని నెమ్మదిగా నడిచే మనుషులు కనిపిస్తారు. పాత నాణేల కోసం వెతకడం అక్కడ వేలమందికి వ్యాపకం. బయటివాళ్లకు ఇది లంకెబిందెల వేటలా కనిపిస్తుంది గానీ, నిజానికి చెవితోనూ ఓపికతోనూ చేసే పని.

డిటెక్టర్ అడుగున ఉండే గుండ్రటి పళ్లెంలో రాగితీగ చుట్టలుంటాయి. ఒక చుట్ట నేలలోకి అయస్కాంత క్షేత్రాన్ని పంపుతుంది. లోహం తగిలితే అందులో చిన్న చిన్న విద్యుత్ సుడులు పుడతాయి. వాటి జాడను రెండో చుట్ట పసిగడుతుంది. వెండి నాణెమైతే కీచుమని స్పష్టంగా మోగుతుంది, తుప్పు మేకు బొంగురుగా పలుకుతుంది. చిక్కంతా మధ్య స్వరాలతోనే. పలుచటి బంగారు నాణెం, చాక్లెట్ చుట్టిన రేకు దాదాపు ఒకేలా వినిపిస్తాయి. అందుకే చెయ్యి తిరిగినవాళ్లు తెరమీది అంకెను పూర్తిగా నమ్మరు, అనుమానం వస్తే తవ్వి చూస్తారు.

పళ్లాన్ని నేలకు ఆనీ ఆననట్టు ఊపాలి. ఊపు చివర అది పైకి లేచిందంటే, లేచినంత మేరా లోతు పోయినట్టే. చిన్న నాణెం జానెడు లోతు దాటితే చిక్కడం కష్టం. పచ్చిక నేలైతే గడ్డను మూడు వైపులా కోసి మూతలా తెరిచి, పనయ్యాక మళ్లీ మూసెయ్యాలి. నాణేన్ని అక్కడికక్కడ రుద్దకూడదు, రాజు పేరే చెరిగిపోవచ్చు.

అన్నిటికంటే కష్టమైన విద్య తవ్వడం ఆపడం. 1992లో సఫోక్ ప్రాంతంలోని హాక్స్‌న్‌లో ఎరిక్ లాస్ అనే ఆయన, రైతు పారేసుకున్న సుత్తి కోసం వెతుకుతూ రోమన్ కాలపు నిధిని చూశాడు. కొంత తీసి, ఆగి, అధికారులకు చెప్పాడు. పురావస్తు నిపుణులు వచ్చి జాగ్రత్తగా తవ్వితే దాదాపు 15,000 నాణేలు బయటపడ్డాయి. వస్తువుల్ని పెట్టెలో ఎలా సర్దారో కూడా తెలిసింది.

ఆగితే ఏం దక్కుతుందో, ఆగకపోతే ఏం పోతుందో 2015లో తేలింది. ఆ ఏడాది ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని వాట్లింగ్టన్ దగ్గర దొరికిన వైకింగ్ కాలపు నిధిని మట్టిగడ్డతో సహా ఎత్తి తీసుకెళ్లి పరిశీలించారు. కొన్ని నాణేలపై ఇద్దరు పాలకులు పక్కపక్కన కూర్చుని ఉన్నారు. వెసెక్స్ రాజు ఆల్‌ఫ్రెడ్, మెర్సియా రాజు చెయోల్‌వుల్ఫ్ ఇద్దరూ ఇదే అచ్చుతో నాణేలు వేశారు. పాత వృత్తాంతాలు వైకింగుల కీలుబొమ్మగా తీసిపారేసిన చెయోల్‌వుల్ఫ్, ఆల్‌ఫ్రెడ్‌కు సాటి మిత్రుడుగా తేలాడు. అదే ఏడాది లెమ్‌స్టర్ దగ్గర అలాంటి నిధే ఇద్దరికి దొరికింది. వాళ్లు దాచిపెట్టి అమ్ముకున్నారు, 2019లో జైలుకెళ్లారు. సుమారు 300 నాణేలుండేవని అంచనా, చేతికొచ్చినవి కొద్దిపాటే. పోయినవాటిపై ఎవరి బొమ్మలున్నాయో ఇక ఎవరూ చెప్పలేరు.

అక్కడి 1996 చట్టం ప్రకారం నిధి దొరికితే 14 రోజుల్లో తెలపాలి. మ్యూజియం కొంటే ఆ సొమ్మును సాధారణంగా దొరికినవాడూ భూయజమానీ పంచుకుంటారు. ఒంటరి నాణేలు ఎక్కువగా ఆ చట్టం కిందికి రావు. వాటిని స్వచ్ఛందంగా నమోదు చేయించేందుకు 1997లో ఒక పథకం మొదలైంది. నేటికి 15 లక్షలకు పైగా వస్తువులు, దొరికిన చోటుతో సహా, అందులోకి ఎక్కాయి. నిధుల కంటే ఈ పట్టికే ఆ దేశానికి పెద్ద సంపద అని నా నమ్మకం.

మన దగ్గర దారి వేరు. 1878 నాటి చట్టం ప్రకారం భూమిలో పది రూపాయలకు మించిన నిధి దొరికితే కలెక్టరుకు తెలపాలి. డిటెక్టర్ పట్టుకుని పాత దిబ్బల మీద తిరగడం మనకు అక్కర్లేదు. దుక్కిలో నాణెం కంటపడ్డ రైతు భయపడకుండా వచ్చి చెప్పే వీలు మాత్రం తప్పకుండా కావాలి. గోదావరి ఒడ్డునున్న కోటిలింగాలలో దొరికిన నాణేల మీదే గోబద, నారన, సమగోప వంటి శాతవాహనులకు ముందటి పాలకుల పేర్లున్నాయి. అవి ఏ ఊరివో తెలియకుండా ఎక్కడో నాణేల వ్యాపారి పెట్టెలో తేలి ఉంటే, ఆ పేర్లను గోదావరి ఒడ్డుతో ముడిపెట్టే ఆధారమే మనకు మిగిలేది కాదు.