మొదటి తాకుడుకు పలికే పాట

వెబ్ పేజీలో మీట నొక్కగానే పాట వినిపిస్తే, అందులో వింతేముంది అనిపిస్తుంది. ఆ మీట వెనక పనిచేసినవాళ్లంటే నాకు ఎంతో గౌరవం.

హెచ్‌టీఎంఎల్5 ఆడియో ట్యాగు వచ్చిన కొత్తలో ఫైర్‌ఫాక్స్‌కు ఆగ్ వోర్బిస్ అనే ఆడియో ఫార్మాట్ వచ్చేది. పేటెంట్ల చిక్కు వల్ల ఎంపీ3ని దగ్గరికి రానిచ్చేది కాదు. సఫారీకి ఎంపీ3 వచ్చేది, ఆగ్ వచ్చేది కాదు. అందుకని ఒకే పాటను రెండు రూపాల్లో ఉంచి, రెండు సోర్స్ వరుసలు రాసేవారు. ‘నీకిది వచ్చా’ అని కెన్‌ప్లేటైప్ అనే ఫంక్షన్‌తో బ్రౌజర్‌ను అడిగితే ‘ప్రాబబ్లీ’, ‘మేబీ’, లేదంటే ఖాళీ జవాబు. ‘అవును’ అన్న మాటే లేదు! అలాంటి ‘బహుశా’ల మీద నమ్మకమైన ప్లేయర్ కట్టడానికి ఎంత ఓపిక కావాలి!

అన్నిటికన్నా నాకు నచ్చేది ఐఫోన్ కిటుకు. మనిషి తెరను తాకనిదే అక్కడ శబ్దం మొదలవదు. అందుకే మొదటి తాకుడులోనే చెవికి వినబడని చిన్న నిశ్శబ్దపు ముక్కను ప్లే చేసేవారు. దాంతో తలుపు తెరుచుకునేది, తర్వాతి శబ్దాలన్నీ సాఫీగా వచ్చేవి.

2018లో క్రోమ్ కూడా అడగకుండా మోగే శబ్దానికి అడ్డుకట్ట వేసింది. మంచి నియమమే, అర్ధరాత్రి హఠాత్తుగా అరిచే ప్రకటన ఎవరికి కావాలి? కానీ ఎన్నో పాత ఆటలు మూగబోయాయి. దాంతో, శబ్దాన్ని నడిపే ఆడియో కాంటెక్స్ట్ నిద్రపోయి ఉంటే దాన్ని మొదటి క్లిక్కుకే రెస్యూమ్‌తో లేపేలా కోడు సవరించారు.

ఇలాంటి కిటుకులను హౌలర్ వంటి లైబ్రరీలు ఒకచోట చేర్చి, ఎవరైనా వాడుకోండని ఉచితంగా ఇచ్చాయి. కొత్త బ్రౌజర్ వచ్చిన ప్రతిసారీ, ఒక పాత ఫోను పక్కన పెట్టుకుని, మళ్లీ మొదటి నుంచి మీట నొక్కి చెవి ఒగ్గి వినేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.