వృద్ధుల వైద్యమునకు ఆదాయపు హద్దు

డెబ్బది యేండ్లు నిండిన వారికెల్ల, ఆదాయ మెంతయని యడుగకయే, కుటుంబమునకు సంవత్సరమున 5 లక్షల రూపాయల వరకు ఆసుపత్రి వైద్యము నుచితముగా నిచ్చుటకై 2024 వ సంవత్సరము అక్టోబరు 29 వ తేదీన భారత ప్రభుత్వము ఆయుష్మాన్ భారత్ పథకమును విస్తరింపజేసెను. నాటినుండి మేము పలుతావుల వినుచున్న యాక్షేపణ యొకటి కలదు. లక్షాధికారియగు ముదుసలికి ప్రజాధనముతో వైద్యమేల? కూలివాడు కట్టిన పన్నుతో కోటీశ్వరుని కంటిపొర తీయించుట యేమి న్యాయము? ఈ మాట లాడువారిలో సంస్కారప్రియులు పెక్కురు గలరు. కావున దీనిని విచారింపకయే త్రోసివేయుట తగదు.

మొట్టమొదట, ఆదాయపు హద్దు కొలుచున దెవరి యాదాయమును? 2007 లో ఆంధ్రప్రదేశమున ఆరంభమైన ఆరోగ్యశ్రీ దారిద్ర్యరేఖకు దిగువనున్న కుటుంబములకై యేర్పడినది. నాడు తెల్ల రేషను కార్డే దానికి ద్వారముగ నుండెను. కార్డు కుటుంబమునకు గాని మనుష్యునకు గాదు. కుమారునికి మంచి జీతము గల యుద్యోగ మున్నయెడల వాని తల్లి కాగితముపై ధనికురాలే. ఆమె పెట్టెలో నూరు రూపాయలు లేకపోవచ్చును. ఆమె పేర సెంటు భూమియైన లేకపోవచ్చును. మోకాటినొప్పిని ఏండ్లతరబడి నోరు మెదపక భరించుచు, చూపు మందగించిన సంగతి కోడలికి తెలియనీయక గోడ పట్టుకొని నడచు వృద్ధవితంతువులను చదువరు లెరుగని వారు కారు. వారు వైద్యము వలదనుకొని యూరకుండుట లేదు. అడుగుటకు సిగ్గుపడి యూరకున్నారు. అదే 2007 లో తల్లిదండ్రుల పోషణకై పార్లమెంటు చట్టమును జేసినది. దానిచే బిడ్డలనుండి నెలకు 10,000 రూపాయలకు మించకుండ భరణము కోరవచ్చును. మంచి చట్టమే. కాని కంటి శస్త్రచికిత్స కొరకు కన్నకొడుకుపై అర్జీ పెట్టు తల్లి యెక్కడనున్నది?

ధనికుడు తన పాలు చెల్లింపవలె ననుట న్యాయమే. ఆ పాలును పన్ను రూపమున, వాడు ఆరోగ్యముగ సంపాదించుచున్న దినములలో రాబట్టవలెను గాని, డెబ్బదియైదవ యేట ఆసుపత్రి వాకిట నిలిపి సర్టిఫికెట్టు చూపుమనుట యేమి పద్ధతి? పైగా హద్దునకు ఒక్క రూపాయి దిగువనున్నవానికి సర్వమును, ఒక్క రూపాయి యెగువనున్నవానికి శూన్యమును దక్కును. ఒక్కమారు గుండెజబ్బు వచ్చిన చాలును, ఎగువనున్న వాడు దిగువకు జారుటకు.

వ్యయము మాటయో? ఇచ్చట ఆక్షేపకుల పక్షమున బలమైన యుదాహరణ మొకటి కలదు. ఐర్లండు దేశమున 2001 జూలైలో డెబ్బది దాటినవారికెల్ల ఆదాయపరీక్ష లేకయే వైద్యకార్డు నిచ్చిరి. 2008 లో ఖజానా కుంగగా అక్టోబరునెల బడ్జెటులో ఆ హక్కును తీసివేయ నుద్యమించిరి. వృద్ధులు భగ్గుమనగా మంత్రులు జంకి, హద్దును వారమునకు ఒంటరివారికి 700 యూరోలు, దంపతులకు 1,400 యూరోలుగా నిలిపిరి. 2014 నాటికి దానిని 500, 900 యూరోలకు దించిరి. 2020 లో మరల కొంత పెంచిరి. అందరికి నిచ్చుట నిలువదని దీనినుండి తేల్చువారు ఒక సంగతి మరచుచున్నారు. పరీక్ష లేక క్రొత్తగ చేరిన సంపన్న వృద్ధు లొక్కొక్కరికై వైద్యులకు ఏటేట 640 యూరోలిచ్చుటకు ఆ ప్రభుత్వ మొడంబడియుండెను. బీదవానికై యిచ్చుదానికంటె ఇది మిక్కిలి హెచ్చు. ఇది బేరమునందలి తప్పు. అందరికి నిచ్చుటయందలి తప్పుగాదు. ఇంకొక విశేషము. మధ్యతరగతి ముసలివారి కార్డు పోయినపుడు దేశము దద్దరిల్లెను. బీదవాని కార్డు పోయినపు డంత చప్పుడగుట మేమెచ్చటను వినలేదు.

మన దేశమున ఈ విస్తరణచే 6 కోట్లమంది వృద్ధులకు మేలు కలుగుననియు, తొలి కేటాయింపు 3,437 కోట్ల రూపాయలనియు ప్రభుత్వము ప్రకటించెను. లెక్కవేయగా తలకు 573 రూపాయలు. ధనికుడు దోచుకొనునని బెంగపడువారు ఈ మొత్తమును చూచిన కొంత కుదుటపడవచ్చును. మాకు మాత్రము దీని కొరత తోచుచున్నది గాని యెక్కువతనము తోచుట లేదు.

మా యసలు ఆక్షేపణ వేరు. ఆదాయపు హద్దును తీసి వయస్సు హద్దును పెట్టిరి. బరువులు మోసి బ్రతికినవానికి అరువదియవ యేటనే డెబ్బది నిండును. మరి యా వయస్సును ఆధార్ కార్డునుబట్టి నిర్ణయింతురు. పుట్టినతేది యెరుగని పల్లెటూరి ముసలమ్మకు కార్డులో వ్రాసినవాని యూహయే జాతకము. అంతకంటె ముఖ్యమైనది, ఈ పథకము ఆసుపత్రిలో చేరినవారికే గాని వచ్చిపోవు రోగులకు గాదు. చేరుటకు ముందు 3 దినములు, విడుదలయైన పిదప 15 దినములు మందుల ఖర్చు భరింతురు. వృద్ధులకు వచ్చు మధుమేహము, రక్తపోటు పదునైదు దినములలో తీరునవి గావు, జీవితాంతము వెంటనుండును. ప్రాథమిక ఆరోగ్యకేంద్రములలో ఆ మాత్రల నుచితముగా నిచ్చుట కలదు గాని, కేంద్రము నడచిపోగల దూరమున నుండవలెను, వెళ్లిననాడు మాత్రలుండవలెను. లేనియెడల పదునారవ దినమున మందులచీటి పట్టుకొని యా తల్లి మరల కుమారుని గది వాకిటనే నిలువవలసియున్నది.