రావెన్ గళ్ళ పరీక్ష: గుణదోష విచారణ

మూడు అడ్డు వరుసలు, మూడు నిలువు వరుసలు గల తొమ్మిది గడుల పటం ఒకటి గీయండి. మొదటి అడ్డు వరుసలో క్రమంగా వృత్తం, చతురస్రం, త్రిభుజం. రెండవ వరుసలో చతురస్రం, త్రిభుజం, వృత్తం. మూడవ వరుసలో త్రిభుజం, వృత్తం వేసి, చివరి గడిని ఖాళీగా విడవండి. ఇప్పుడు మొదటి నిలువు వరుసలోని ప్రతి ఆకృతి లోపల ఒక గీత, రెండవ నిలువు వరుసలో రెండేసి గీతలు, మూడవదానిలో మూడేసి గీతలు గీయండి. ఖాళీ గడిలో ఏముండాలి? ప్రతి అడ్డు వరుసలోను మూడు ఆకృతులు ఒక్కొక్కసారి వస్తున్నవి. ఎడమనుండి కుడికి గీతలు ఒక్కొక్కటి పెరుగుతున్నవి. కావున అక్కడ మూడు గీతలు గల చతురస్రం ఉండాలి.

ఇట్టి సమస్యలు మన విద్యార్థులకు కొత్తవి కావు. నవోదయ విద్యాలయాల 6వ తరగతి ప్రవేశ పరీక్షలో మానసిక సామర్థ్య విభాగం పూర్తిగా ఆకృతులపైననే ఆధారపడినది. 8వ తరగతివారికి జరిగే నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్ పరీక్షలోను మానసిక సామర్థ్య పత్రం ఒకటి ఉన్నది. ఈ జాతి ప్రశ్నలలో మిక్కిలి ప్రసిద్ధి పొందినది రావెన్ తయారుచేసిన ‘ప్రోగ్రెసివ్ మాట్రిసెస్’ అనే పరీక్ష. దాని గుణాలేవి, దోషాలేవి, అందులో వచ్చిన మార్కును ఎంతవరకు నమ్మవచ్చును అన్న సంగతులు ఉపాధ్యాయులు తెలిసికొనదగినవి.

జాన్ కార్లైల్ రావెన్ బ్రిటిష్ మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు. అతడు మొదట లయొనెల్ పెన్రోస్ అనే జన్యుశాస్త్రజ్ఞునివద్ద పనిచేశాడు. మానసిక వైకల్యానికి వంశపారంపర్యం ఎంత కారణం, పరిసరాలు ఎంత కారణం అని పెన్రోస్ పరిశోధిస్తున్నాడు. అందుకై పిల్లలను, వారి తల్లిదండ్రులను కూడ పరీక్షించవలసి వచ్చేది. అప్పటికి వాడుకలో ఉన్న బుద్ధి పరీక్షలు జరపడానికి కష్టమైనవి, వాటి ఫలితాలను వ్యాఖ్యానించడం మరింత కష్టం. ఈ ఇబ్బంది తొలగించడానికే రావెన్ మాటలతో పనిలేని పరీక్షను కల్పించి, 1938లో ప్రకటించాడు. దీనికి ఆధారం చార్లెస్ స్పియర్మన్ 1904లో ప్రతిపాదించిన సాధారణ కారకం. మనిషి చేసే బుద్ధి సంబంధమైన పనులన్నిటి వెనుక ఒకే సామాన్య శక్తి ఉన్నదనీ, విషయాల మధ్య సంబంధాలను కనిపెట్టడమే దాని ముఖ్య లక్షణమనీ స్పియర్మన్ అభిప్రాయం.

రావెన్ ప్రామాణిక పరీక్షలో 60 సమస్యలు ఉన్నవి. అవి ఏ, బి, సి, డి, ఇ అనే ఐదు శ్రేణులుగా, శ్రేణికి 12 చొప్పున అమర్చబడినవి. మొదటి రెండు శ్రేణులలో ప్రతి సమస్యకు ఆరు జవాబు పటాలు, తక్కినవాటిలో ఎనిమిదేసి జవాబు పటాలు ఇచ్చి, సరియైనదాని అంకె చెప్పమంటారు. తరువాత 1947లో చిన్నపిల్లలకు రంగుల పటాలతో ఒకటి, ఎక్కువ సామర్థ్యం గలవారికి కఠినమైనది మరొకటి వెలువడినవి.

ఈ పరీక్షలోని సుగుణాలను మొదట చెప్పుకొనడం న్యాయం. చదవడం, వ్రాయడం రానివారు కూడ దీనిని చేయవచ్చును. చెవిటివారికి సైగలతో వివరించవచ్చును. ప్రతి శ్రేణియు అతి సులభమైన సమస్యతో మొదలై క్రమంగా కఠినమవుతుంది గనుక, పరీక్ష జరుగుతూండగానే పరీక్షకు కూర్చున్నవాడు పద్ధతి నేర్చుకొంటాడు. పేరులోని ‘ప్రోగ్రెసివ్’ అన్న మాటకు అర్థమిదే.

మరొక గుణం గళ్ళ అమరికలోనే ఉన్నది. నాలుగు గడుల పటంలో పై వరుసలో ఒక చుక్క, రెండు చుక్కలు. క్రింది వరుసలో రెండు చుక్కలు, ఒక ఖాళీ ఉన్నవనుకొందాం. ‘ఒక చుక్క పెరుగుతుంది’ అన్నవానికి జవాబు మూడు. ‘రెట్టింపవుతుంది’ అన్నవానికి జవాబు నాలుగు. అడ్డంగా చూచినా, నిలువుగా చూచినా ఇద్దరి వాదమూ నిలుస్తుంది. పటాన్ని తొమ్మిది గడులకు పెంచి, మొదటి వరుసలో 1, 2, 3 చుక్కలు, రెండవ వరుసలో 2, 3, 4 ఉంచితే రెట్టింపు వాదం వీగిపోతుంది. అడ్డు వరుసలో ఊహించిన సూత్రాన్ని నిలువు వరుసలో సరిచూచుకొనే వీలు కలుగుతుంది. ఊహించడం, మరొకచోట సరిచూడడం అనేది విజ్ఞానశాస్త్ర పద్ధతి. దానిని ఒక కాగితం ముక్కమీద పదేండ్ల పిల్లవానిచేత చేయించడం చిన్న విషయం కాదు.

ఈ సమస్యలు చేసేటప్పుడు మనస్సులో ఏమి జరుగుతుంది? 1990లో పాట్రీషియా కార్పెంటర్, మార్సెల్ జస్ట్, పీటర్ షెల్ అనేవారు కఠినమైన రావెన్ పరీక్షను విశ్లేషించి, అందులోని సూత్రాలను ఐదు రకాలుగా విభజించారు. వరుస పొడవునా ఒక లక్షణం మారకుండా ఉండడం ఒకటి. గడి గడికి సంఖ్యయో పరిమాణమో క్రమంగా మారడం రెండవది. మొదటి రెండు పటాలను కలిపినా, ఒకదానినుండి మరొకదానిని తీసివేసినా మూడవది రావడం మూడవది. మూడు రూపాలు వరుసకు ఒక్కొక్కసారి కనిపించడం నాలుగవది. ఒక రూపం రెండు గడులలోనే ఉండి మూడవదానిలో లేకపోవడం ఐదవది. పైన మనం గీసిన పటంలో ఆకృతులు నాలుగవ సూత్రాన్ని, గీతలు రెండవ సూత్రాన్ని అనుసరిస్తున్నవి. ఒక్కొక్క సూత్రం విడిగా పెద్ద కష్టం కాదు. రెండు మూడు సూత్రాలు ఒకే పటంలో కలిసినప్పుడు, ఒకదానిని కనిపెట్టి మనస్సులో నిలుపుకొంటూ మరొకదానికై వెదకడమే కష్టం. ఈ నేర్పులోనే మనిషికి మనిషికి తేడా ఎక్కువగా కనిపిస్తున్నదని వారు తేల్చారు.

ఇక దోషాలు. మాటలు లేని పరీక్ష గనుక ఇది చదువుకు, సంస్కృతికి అతీతమని చాలకాలం నమ్మేవారు. ఈ నమ్మకాన్ని జేమ్స్ ఫ్లిన్ 1987లో ప్రకటించిన పరిశీలన బలంగా దెబ్బతీసినది. అతడు 14 దేశాల బుద్ధి పరీక్షల ఫలితాలు సేకరించాడు. నెదర్లాండ్స్‌లో సైన్యానికి పిలువబడిన యువకులకు రావెన్ సమస్యలతో పరీక్ష జరిపేవారు. 1952కు, 1982కు మధ్య అక్కడి యువకుల సగటు ప్రజ్ఞాలబ్ధి సుమారు 20 పాయింట్లు పెరిగినట్లు తేలినది. సగటును 100గా తీసికొనే కొలతలో ఇది చాల పెద్ద మార్పు. ముప్పై ఏండ్లలో ఒక జాతి జన్యువులు ఇంతగా మారవు. మారినవి చదువు, జీవన పరిస్థితులు, వస్తువులను లక్షణాలుగా విడదీసి ఆలోచించే అలవాటు. అనగా భాష లేకపోయినంత మాత్రాన పరీక్షనుండి బడి తొలగిపోలేదు. పటాన్ని ఎడమనుండి కుడికి, పైనుండి క్రిందికి చదవాలన్నది కూడ పుస్తకం నేర్పిన అలవాటే.

దీనినిబట్టి ఒక సంగతి స్పష్టమవుతున్నది. ఇట్టి పటాలను నెలలకొద్దీ సాధన చేసిన విద్యార్థిని, పరీక్షనాడే మొదటిసారి చూచిన విద్యార్థిని పక్కపక్కన కూర్చుండబెట్టి, వచ్చిన మార్కులను పుట్టుకతో వచ్చిన తెలివికి కొలతగా భావించడం శాస్త్రీయం కాదు. మొదటివానికి ఐదు సూత్రాలూ ముందే తెలుసు, ఏది ఎక్కడ పనిచేస్తున్నదో చూచుకొంటే చాలును. రెండవవాడు ఆ సూత్రాలను అక్కడికక్కడే కనిపెట్టవలె. ఇద్దరూ చేసిన పని ఒకటి కాదు.

రెండవ దోషం జవాబు తీసికొనే పద్ధతిలో ఉన్నది. సమస్యను రెండు విధాల సాధించవచ్చును. పటాన్ని పరిశీలించి, జవాబు ఎట్లా ఉండాలో మనస్సులో నిర్మించి, తరువాత దానిని జవాబు పటాలలో వెదకడం ఒక విధం. జవాబు పటాలను ఒక్కొక్కదానినే ఖాళీలో పెట్టి చూచి, పొసగనివాటిని తీసివేస్తూ పోవడం మరొక విధం. మార్కు రెండింటికీ ఒకటే. అసలు పటాన్నే చూడని మూడవ విధం కూడ ఉన్నది! మన సమస్యకు ఈ ఆరు జవాబులు ఇచ్చారనుకోండి: మూడు గీతల చతురస్రం, రెండు గీతల చతురస్రం, ఒక గీత చతురస్రం, మూడు గీతల త్రిభుజం, మూడు గీతల వృత్తం, రెండు గీతల త్రిభుజం. వీనిలో ఎక్కువసార్లు వచ్చిన ఆకృతి చతురస్రం, ఎక్కువసార్లు వచ్చిన సంఖ్య మూడు. రెండూ కలిపితే సరియైన జవాబు దొరికిపోయినది. పై తొమ్మిది గడులను చేతితో మూసిపెట్టినా నష్టం లేదు.

ఇది కేవలం ఊహ కాదు. కంప్యూటర్లకు తర్కం నేర్పడానికై 2019లో కొందరు పరిశోధకులు ఇట్టి సమస్యలు 70,000 తయారుచేసి, ఆ సముదాయానికి రావెన్ పేరే పెట్టారు. సరియైన జవాబులో ఒక్క లక్షణం మార్చి తప్పు జవాబులను కల్పించారు. ఎనిమిది జవాబులలో గుడ్డిగా ఒకటి ఎన్నుకొంటే నూటికి 12 లేక 13 మాత్రమే ఒప్పు కావాలి. కాని గళ్ళ పటం చూపకుండా జవాబు పటాలు మాత్రమే చూపినా, కంప్యూటరు అంతకంటె ఎంతో ఎక్కువగా ఒప్పులు చెప్పగలదని 2021లో వేరొక బృందం నిరూపించినది. యంత్రం తర్కించడం నేర్చుకొన్నదని సంతోషించినవారికి, అది జవాబు పటాలనుండి ఒప్పు దొంగిలించడం మాత్రమే నేర్చుకొని ఉండవచ్చునని తెలిసివచ్చినది. యంత్రం పట్టుకొన్న దారిని తెలివైన విద్యార్థి పట్టుకొనలేడా? అతనిని తప్పుపట్టవలసిన పనిలేదు. ప్రశ్న వ్రాసినవాడే ఆ దారి తెరచి ఉంచాడు.

మూడవ దోషం మరింత లోతైనది. జవాబు ఒక్కటే ఒప్పు అని పరీక్ష శాసిస్తుంది. ఒక వృత్తంమీద చుక్కలు పెట్టి, ప్రతి చుక్కను తక్కిన అన్నిటితో సరళరేఖలతో కలపండి. ఏ మూడు రేఖలూ లోపల ఒకేచోట కలియరాదు. ఒక చుక్కకు వృత్తంలో భాగం ఒకటే. రెండు చుక్కలకు 2, మూడింటికి 4, నాలుగింటికి 8, ఐదింటికి 16 భాగాలు వస్తవి. ఆరు చుక్కలకు? అందరూ 32 అంటారు. గీసి లెక్కిస్తే 31 వస్తుంది. ఐదుసార్లు నిజమైన సూత్రం ఆరవసారి తప్పినది. గళ్ళ పరీక్షలో కోరేది, ఉన్న గడులకు సరిపోయే సూత్రాలలో అతి సరళమైనదానిని మాత్రమే. సరళమైనదానిని ముందు పరిశీలించడం శాస్త్రంలోను మంచి పద్ధతియే. ఐతే శాస్త్రజ్ఞుడు అక్కడ ఆగడు. మరుసటి గడి తెరచి చూస్తాడు. పరీక్షలో తెరచి చూడడానికి మరుసటి గడి లేదు. అరుదుగానైనా, వేరొక సూత్రాన్ని సక్రమంగా ఊహించిన విద్యార్థికి సున్న వస్తుంది. ఎందుకు అట్లా అనుకొన్నాడో చెప్పుకొనే అవకాశం రాదు.

ఈ మూడు దోషాలకూ మూలం ఒక్కటే. రావెన్ పరీక్ష జవాబు అంకెను అడుగుతుంది గాని కారణాన్ని అడగదు. వేలమందిని తక్కువ కాలంలో పరీక్షించవలసినచోట అది తప్పనిసరి కావచ్చును. తరగతి గదికి ఆ నిర్బంధం లేదు. అక్కడ ఉపాధ్యాయుడు జవాబు పటాలను కాగితంతో మూసి, ఖాళీ గడిలో ఉండవలసిన బొమ్మను విద్యార్థిచేతనే గీయించవచ్చును. గీసిన తరువాత సూత్రాన్ని ఒకటి రెండు తెలుగు వాక్యాలలో చెప్పించవలె. అడ్డు వరుసలో చెప్పిన సూత్రం నిలువు వరుసలోని బొమ్మలకు విరుద్ధంగా ఉన్నదేమో చూపించమనవలె. వేరొక జవాబు గీసినవాని వాదాన్ని తరగతి అంతా వినవలె. కొంత అలవాటైన తరువాత విద్యార్థులే సమస్యలు కల్పించి ఒకరికొకరు ఇచ్చుకొనవచ్చును. పటాన్ని మూసి, జవాబులు మాత్రమే చూచి ఒప్పు కనిపెట్టగలిగితే, ఆ సమస్యను తిరిగి వ్రాయవలె.

ఇట్లా చేస్తే ప్రవేశ పరీక్షకు కావలసిన సాధన ఎట్లాగూ జరుగుతుంది. అంతకు మించి, ఒక విద్యార్థి ఎక్కడ తడబడుతున్నాడో ఉపాధ్యాయునికి కనిపిస్తుంది: లక్షణాలను విడదీయలేకపోతున్నాడా, రెండవ సూత్రం వెదకేటప్పుడు మొదటిదానిని మరచిపోతున్నాడా, లేక ఇట్టి పటం చూడడమే మొదటిసారియా? అరవైకి ఇరవై అన్న మార్కు ఈ మూడింటిలో ఏదీ చెప్పదు. అంత మాత్రంతో ఒక పిల్లవానిని మందబుద్ధి అని నిర్ణయించే అధికారం ఆ మార్కుకు లేదు.